పొట్లంలో ఉన్నది ఏ మొక్క? – మూలికలకు డి.ఎన్.ఏ. పరీక్ష



కామెర్లు అనగానే చిట్టమూరు, వాకాడు, కోట ప్రాంతాల్లో మొదట వినిపించే పేరు నేల ఉసిరి. వానలు పడ్డాక పొలం గట్ల మీద మొలుస్తుంది. ఆకు నూరి మజ్జిగలో కలిపి తాగిస్తారు. పొడి రూపంలో పొట్లాల్లో కూడా దొరుకుతుంది. గట్టు మీద పీకిన మొక్కను ఊళ్లో పెద్దవాళ్లు చూసి గుర్తుపడతారు. ఎండబెట్టి పొడి చేశాక ఎవరు గుర్తుపట్టగలరు? ఈ సంచికలో మన పాఠం ఇదే.

పేరు ఒకటి, మొక్కలు అనేకం

మందుగా ఎక్కువగా వాడే నేల ఉసిరికి శాస్త్రీయ నామం ఫిలాంథస్ అమారస్. దీన్ని పోలిన మొక్కలు చాలా ఉన్నాయి. బెంగళూరు శాస్త్రజ్ఞులు దక్షిణ భారతంలోని 25 దుకాణాల సరుకును పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. 76 శాతం దుకాణాల్లో దాదాపు అంతా అమారస్ మొక్కే. మిగిలిన 24 శాతం దుకాణాల్లో అదే కుటుంబానికి చెందిన మరో ఐదు రకాలు కనిపించాయి.

బల అనే మూలిక విషయం ఇంకా ఆశ్చర్యం. చెన్నై దగ్గరి ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించిన పరిశీలనలో 25 మార్కెట్ నమూనాలు చూశారు. ఒక్కదానిలో కూడా అసలు బల మొక్క లేదు! ఎక్కువ భాగం దాని దగ్గరి చుట్టాలు. కొన్ని అసలు ఆ జాతివే కావు.

ఇదంతా మోసమని అనుకోనక్కరలేదు. ఒకే పేరుతో ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కను పిలుస్తారు. ఏరేవారి దగ్గర జరిగిన పొరపాటు పొట్లం దాకా వస్తుంది.

డి.ఎన్.ఏ. పరీక్ష ఎలా చేస్తారు?

దాదాపు ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఏ. ఉంటుంది. ఆకు, కాండం, వేరు ఏదైనా ఒకే మొక్కదైతే ఒకే డి.ఎన్.ఏ. అది ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన పొడవైన రాత వంటిది. సబ్బు పెట్టె మీది గీతలను చూసి యంత్రం సరుకు పేరు చెప్పినట్టే, ఈ రాతలో ఒక చిన్న భాగం చదివి మొక్క పేరు చెప్పవచ్చు. అందుకే దీన్ని డి.ఎన్.ఏ. బార్‌కోడింగ్ అంటారు. కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ 2003లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు.

చిటికెడు పొడి నుండి డి.ఎన్.ఏ.ను వేరు చేస్తారు. కావలసిన భాగాన్ని పి.సి.ఆర్. పద్ధతిలో లక్షల రెట్లు పెంచుతారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మనం విన్న పి.సి.ఆర్. ఇదే. తర్వాత అక్షరాల వరుస చదివి, నిపుణులు గుర్తించిన అసలు మొక్క వరుసతో పోల్చుతారు.

ఈ పరీక్ష చెప్పలేనివి

1. కషాయం, లేహ్యం, సారం వంటి వాటిలో మరిగించడం వల్ల డి.ఎన్.ఏ. ముక్కలైపోతుంది. 2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్ నాలుగు పెద్ద దుకాణ సంస్థల మూలికా ఉత్పత్తులను పరీక్షింపజేస్తే చాలా వాటిలో చెప్పిన మొక్క డి.ఎన్.ఏ. దొరకలేదు. అయితే సారంగా తీసిన మందులకు ఈ పరీక్ష ఒక్కటే చాలదని అనేకమంది శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. కాబట్టి ముడి సరుకు దశలోనే పరీక్షించడం మేలు.

2. సీసం, పాదరసం కలిశాయా, స్టీరాయిడ్ మాత్రలు నూరి కలిపారా అనేది డి.ఎన్.ఏ. చెప్పదు. దానికి రసాయన పరీక్షలు కావాలి.

3. అసలు మొక్కే అయినా అది క్షేమకరమని అర్థం కాదు. 1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మందులో ఒక చైనా మూలికకు బదులు అరిస్టొలోకియా మొక్క చేరింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అక్కడ తప్పు మొక్క చేరడం వల్ల హాని జరిగింది. కానీ మన పొలాల్లోని గాడిదగడపాకు, పాము కాటుకు వాడే ఈశ్వరి వేరు కూడా ఈ అరిస్టొలోకియా జాతివే! వీటిని సరిగ్గా గుర్తించి తీసుకున్నా అపాయమే.

4. మొక్క పేరు తెలిస్తే జబ్బు పేరు తెలిసినట్టు కాదు. 1988లో మద్రాసు వైద్యులు ఫిలాంథస్ అమారస్‌తో హెపటైటిస్ బి వైరస్ తగ్గుతున్నట్టు ప్రకటించారు. తర్వాత ఇతర దేశాల ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు. కామెర్లు జబ్బు కాదు, జబ్బు గుర్తు. హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకు వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడితే ఏ పసరూ దాన్ని తీయదు. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాపాయం కలగవచ్చు. పసరు తాగుతూ గడిపిన వారం రోజులు తిరిగి రావు.

మనం చేయవలసినవి

• కామెర్లు కనిపించగానే రక్తపరీక్ష చేయించండి. గర్భిణిని ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి.
• మగత, తికమక మాటలు, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం – వీటిలో ఏది కనిపించినా ఒక్క గంట కూడా ఆగవద్దు.
• పేరు, తయారీదారు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తేదీలు లేని పొడి కొనవద్దు.
• ఏ మందు వాడుతున్నా ఆ పొట్లాన్ని ఆస్పత్రికి తీసుకురండి. మిగిలిన పొడిని పారవేయవద్దు. అవసరమైతే పరీక్షకు పంపడానికి ఉంటుంది.
• పాము కరిస్తే వేరు నూరడం కాదు, విషవిరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాలి.

నర్సులకు ఒక మాట: “నాటు మందు వాడారా?” అని గద్దించి అడిగితే రోగి లేదంటాడు. “ఇంటి దగ్గర ఏమేమి ఇచ్చారమ్మా?” అని నెమ్మదిగా అడగండి. చెప్పినదాన్ని కేసు షీటులో రాయండి. ఎంత మంచి ప్రయోగశాల అయినా మన దగ్గరికి రాని పొట్లాన్ని పరీక్షించలేదు.

జ్ఞాపకం చేసుకోండి

1. కషాయంలో డి.ఎన్.ఏ. పరీక్ష ఎందుకు కష్టం?
2. డి.ఎన్.ఏ. సరిపోయినా హాని చేయగల మొక్కలు రెండు చెప్పండి.
3. కామెర్లలో వెంటనే ఆస్పత్రికి తేవలసిన గుర్తులు ఏవి?