లారీ టైరుకు స్ట్రిప్ ఎక్కడ వేయొచ్చు?

ప్రశ్న: నగరి నుంచి చెన్నైకి మామిడి గుజ్జు డ్రమ్ములు తోలుతుంటాను. దారిలో పంక్చరైతే కారు టైర్ల కిట్ పనికొస్తుందా సార్?

జవాబు: ముందు టైరు పక్కగోడ మీద ‘ట్యూబ్‌లెస్’ అని ఉందో లేదో చూడండి. లోపల ట్యూబుంటే ఏ స్ట్రిప్ కిట్టూ పనిచేయదు. కారు కిట్ మాత్రం వద్దు. లారీ టైరు మందం, లోపలంతా ఉక్కు తీగలు; ప్లాస్టిక్ పిడి చేతిలోనే విరుగుతుంది. టీ ఆకారపు ఇనుప పిడి, లావుపాటి పొడవు స్ట్రిప్పులు ఉన్నది కొనండి.

మేకు ఏ వాలున దిగిందో చూసుకుని పీకి, గరుకు చువ్వను అదే వాలున తిప్పండి. జిగురు పూసిన స్ట్రిప్పును నెట్టి, కొసలు కాస్త బయట ఉండగానే పిడిని ఒక్క ఊపున లాగండి. సబ్బునీళ్లు పోస్తే బుడగ రాకూడదు.

పక్కగోడకు, ముందు చక్రాలకు వేయనే వద్దు. ముందు టైరు పేలితే స్టీరింగు మాట వినదు.

గాలి దిగిపోయాక కూడా నడిపిన టైరైతే నాకు మరీ భయం. లోపలి తీగలు దెబ్బతిని ఉంటాయి. 100 పీఎస్ఐ దాటే గాలి ఎక్కిస్తుంటే పక్కగోడ చీలి మనిషి ప్రాణమే పోవచ్చు. దానికి గాలి కొట్టకుండా స్టెప్నీ వేసుకోండి.

స్ట్రిప్ వేసిన బండిని నగరిలోనో తిరుత్తణిలోనో షాపుదాకా మెల్లగా నడిపి, టైరు విప్పించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి.