ల్యాప్‌టాప్ మొరాయిస్తే... స్క్రూ విప్పే ముందు

ప్రశ్న: మా ఊళ్లో చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. ఆన్‌లైన్‌లో కొన్న ల్యాప్‌టాప్‌కు పదకొండు నెలలు. మొన్న ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చి ఆగిపోయింది. హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వేస్తాం, పాతది మాత్రం తిరిగివ్వం అంటున్నారు సర్వీస్ సెంటర్‌వాళ్లు. అందులో పెళ్లి కార్డుల ఫైళ్లు, కస్టమర్ల ఆధార్ కాపీలు ఉన్నాయి. షాపు కోసం కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదని కూడా చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: ఆ చివరి మాట ముందు పక్కన పెట్టండి. కౌంటర్ దగ్గర చట్టం చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అంటున్నమాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతూ, ఆ బతుకుదెరువు కోసం తానే వాడుకునే వస్తువు ‘వ్యాపార అవసరం’ కిందికి రాదని అదే చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. మీరే కూర్చుని టైపు చేసుకునే షాపైతే మీరు వినియోగదారే.

ఇక డిస్క్ నిజంగా పోయిందా? వాళ్లు చెప్పగానే నమ్మనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లాంటివన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. బయోస్ తెరలోకి వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. పేరు కనిపిస్తే పాడైంది విండోస్ మాత్రమే కావచ్చు. కనిపించకపోతే డిస్క్ మీదే అనుమానం. తిరిగే హార్డ్ డిస్క్ అయితే టిక్ టిక్‌మన్న చప్పుడు చెడ్డ గుర్తు. ఎస్ఎస్‌డీ చప్పుడు లేకుండానే పోతుంది. బిట్‌లాకర్ కీ అడుగుతూ నీలం తెర వస్తే డిస్క్ పోయినట్టు కాదు, ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. కనిపించిన ప్రతి తెరనూ ఫోన్‌తో ఫొటో తీయండి. పదేపదే ఆన్ చేయొద్దు, ఫార్మాట్ అసలే చేయొద్దు.

అంతవరకే మీ పని. వెనక మూత విప్పించారంటే కంపెనీకి సాకు దొరికినట్టే. గొడవ ముదిరితే, లోపం ఉందో లేదో తేలాలంటే వినియోగదారుల కమిషన్ వస్తువును సీలు చేసి ల్యాబ్‌కు పంపగలదు (సెక్షన్ 38). ఎవరో విప్పిన వస్తువును పరీక్షించి, లోపం తయారీలోనే ఉందని తేల్చడం కష్టం.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ లేకుండా ల్యాప్‌టాప్ వదలకండి. తేదీ, సీరియల్ నంబరు, మీరు చెప్పిన సమస్య అందులో ఉండాలి. ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాస్తే, ఎక్కడో చూపించమని అడిగి, మీరు ఒప్పుకోకపోతే ఆ మాటే షీట్ మీద రాసి సంతకం చేయండి.

డేటా సంగతే అసలు చిక్కు. డేటాకు తమ బాధ్యత లేదని చాలా కంపెనీలు వారంటీ షరతుల్లోనే రాసుకుంటాయి. మార్చిన పాత భాగం కూడా వాళ్లదే అంటాయి. పోయిన ఫైళ్లకు పరిహారం రాబట్టడం కష్టం, ఆశ పెట్టుకోవద్దు. ఫైళ్లు అంత ముఖ్యమైతే ఉచిత డిస్క్‌ను వదులుకోవడమే తెలివి: కొత్త డిస్క్‌కు డబ్బు కట్టి వాళ్లచేతే వేయించుకుని, పాతది వెనక్కి ఇచ్చేలా రాతపూర్వకంగా అడగండి. అదనపు రుసుముతో పాత డిస్క్‌ను మనకే వదిలే సదుపాయం కొన్ని కంపెనీల్లో ఉంది. పాత డిస్క్‌లోంచి మీ అనుమతి లేకుండా ఎవరైనా దురుద్దేశంతో కాపీ చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా, పని అయ్యాక కస్టమర్ల ఆధార్ కాపీలు మీ దగ్గర ఎందుకున్నాయి?

కంపెనీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాళ్లు బెంగళూరులో ఉన్నా సరే. వస్తువుకు చెల్లించింది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లు గడువు. మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసు, పరిహారం అన్నీ అడగొచ్చు.

ఏడాది వారంటీ అయితే మీకు ఇంకో నెలే ఉంది. ఫిర్యాదు నమోదు తేదీ ఆ లోపు పడాలి. కంపెనీకి ఈరోజే మెయిల్ పెట్టి టికెట్ నంబరు తీసుకోండి.