నిలుపుకొనదగిన బరువు

కొండకల్ వంటి పల్లెలలో నాగలి పట్టినవారు నేడు ట్రాక్టరు నడుపుచున్నారు. శ్రమ తగ్గినది గాని పళ్ళెములోని అన్నము తగ్గలేదు. కావున పంచాయతీ సభ్యులు ముందు తామే తూకమునకు నిలువవలెను.

1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దాని సూచనలనుబట్టి 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి 47 మొదలు 59 కిలోలవరకు తగిన బరువు. ఈ లెక్క గర్భిణులకు, పిల్లలకు వర్తింపదు.

అయితే 70 కిలోల రైతు ఒక్కసారిగా 59కి దిగుదునని పంతము పట్టినచో, దసరా వచ్చుసరికి ఆ పంతము సడలును. తగ్గిన బరువు మరల పెరుగును. ముందు మూడు నాలుగు కిలోలు తగ్గి, కొన్ని నెలలు అచ్చటనే నిలుచుట మేలు. అంతమాత్రమునకే రక్తపుపోటు, చక్కెర కొంత దిగివచ్చును. పొలము పని చేయలేనంతగా కడుపు మాడ్చుకొని చేరిన బరువు నిలువదు. నెలకొకసారి, చెప్పులు విడిచి, ఒకే త్రాసుపై తూచుకొని వ్రాసియుంచుడు.