పెరట్లో చేపల తొట్టె, కంకర మడి: ముందు నీటి ఉప్పు చూసుకోండి

కాలవ కట్టేసి నెల తిరిగేసరికి బందరు చుట్టుపక్కల, దివిసీమలో ఆకుకూర కట్ట కూడా కొనుక్కోవలసిందే. పెరట్లో చోటుంటుంది, చేసే ఓపికా ఉంటుంది. బోరు వేస్తే ఉప్పు నీరు, మడి కడితే చవుడు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్లకు ఉప్పు చేసే నష్టం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట మట్టితో పని లేకుండా చేపలూ కూరా కలిపి పెంచుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ఆక్వాపోనిక్స్ అంటున్నారు.

పేరు కొత్తదే గాని సంగతి మనకు తెలిసిందే. చేపల చెరువు నీరు వరికి పెడితే చేను నల్లబడుతుందని గుడివాడ, ముదినేపల్లి రైతులను ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడా అంతే. తొట్టెలో చేపల నీటిని చిన్న మోటారుతో కంకర పోసిన మడిలోకి ఎక్కిస్తాం. మొక్కల వేళ్లు ఆ నీటిలోని సారం తీసుకుంటాయి. శుభ్రపడిన నీరు తిరిగి తొట్టెలోకి దిగుతుంది. అదే నీరు తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆవిరైపోయినంత మేరకు కలుపుకుంటే చాలు. మంచినీటికి కటకటలాడే కరేబియన్ దీవుల్లో, వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి ఈ పద్ధతి మీద పనిచేశారు. బంగ్లాదేశ్‌లో మైమెన్‌సింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఇటుక ముక్కలతో పేదల పెరళ్లకు సరిపోయేలా చేసి చూపించారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న తరహా యూనిట్ల మీద పెద్ద పుస్తకమే వేసింది.

ఒక మాట ముందే అనుకుందాం. ఇది ఇంటి కూర కోసం చేసే పని. లక్షల్లో ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని ఎవరైనా వచ్చి, అప్పు ఇప్పిస్తాం, పంట మేమే కొంటాం అంటే తొందరపడి సంతకం పెట్టకండి. మొదట చిన్న తొట్టె పెట్టి ఒక వేసవి దాటించండి. ఆ తర్వాత పెంచాలో మానాలో మీకే తెలుస్తుంది.

ఉప్పు లెక్క

మన ప్రాంతంలో తొట్టె పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వెయ్యి లీటర్ల తొట్టె పెట్టారనుకోండి. మే నెల ఎండకు, గాలికి రోజుకు పాతిక లీటర్లు తగ్గిందనుకుందాం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. మీరు బోరు నీరు రోజుకు పాతిక లీటర్లు కలుపుతూ పోతే 40 రోజుల్లో వెయ్యి లీటర్లు కలిపినట్టు. అంటే 2 పీపీటీ ఉన్న నీరు 40 రోజులకు 4 పీపీటీ అవుతుంది. చేప తట్టుకోవచ్చు. తోటకూర, చిక్కుడు తట్టుకోవు. ఆకు అంచులు మాడిపోతుంటే చీడ అనుకుని మందు కోసం వెతుకుతారు. అసలు జబ్బు నీటిలో ఉంటుంది.

కాబట్టి ఇటుక కొనకముందే ఒక సీసాలో నీరు పట్టి, రొయ్యల రైతులు వెళ్లే ఆక్వా ల్యాబులో చూపించుకోండి. ఉప్పు, పీహెచ్, గట్టిదనం మూడూ రాయించుకోండి. ఉప్పు 1 పీపీటీ లోపు, అంటే టీడీఎస్ వెయ్యి లోపు ఉంటే మొదలుపెట్టవచ్చు. అంతకు మించితే ఆ నీటితో పెట్టవద్దు.

మరి మంచినీరు ఎక్కడిది? కాలవ నీరు వచ్చే రోజుల్లో తొట్టె నింపుకోవాలి. మురుగు కాలవ నీరు మాత్రం వద్దు, పొలాల్లో కొట్టిన మందంతా అందులోకే దిగుతుంది. వేసవికి కలుపుకోవడానికి వాన నీరు పట్టి ఉంచుకోవాలి. 200 చదరపు అడుగుల రేకుల కప్పు మీద అంగుళం వాన పడితే ఎంత వృథా పోయినా 400 లీటర్లు వస్తుంది. చూరుకు గొట్టం కట్టి డ్రమ్ముల్లోకి మళ్లిస్తే చాలు. మొదటి జల్లు దుమ్ముతో దిగుతుంది, దాన్ని వదిలేయండి. గుడివాడ, బందరు పట్టణాల్లో కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోయేందుకు రెండు రోజులు మూత లేకుండా ఉంచి ఆ తర్వాత కలపాలి.

కట్టుకునే తీరు

తొట్టె కోసం గొయ్యి తవ్వవద్దు. దివిసీమలో తవ్వితే ఉప్పు ఊట పైకి వస్తుంది, తుపాను వానకు బయటి నీరు తొట్టెలో కలుస్తుంది. మీ పెరట్లో వాన నీరు ఎంతవరకు నిలిచేదో గుర్తుంటుంది కదా, ఆ గుర్తుకు పైన అరుగు పోసి దాని మీద కట్టండి. లోపలి కొలత అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు చాలు. రెండడుగులు నీరు పెడితే సుమారు 1,100 లీటర్లు పడుతుంది. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది కనుక నాలుగైదు రోజులకోసారి నీరు మారుస్తూ మూడుసార్లు నానబెట్టాలి.

మడికి 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తీసుకుని నిలువునా కోయిస్తే నాలుగు తొట్లు వస్తాయి. తినే సరుకు పోసిన డ్రమ్ములే కొనండి. పురుగు మందు, రసాయనం పోసినవి ఎంత కడిగినా పనికిరావు. ఒక్కో సగం డ్రమ్ము కంకరతో, నీటితో దాదాపు 200 కిలోలు తూగుతుంది. నాలుగు కర్రలు పాతి నిలబెడితే ఆగదు. ఇటుక స్తంభాలు కట్టి వాటి మీద కడప బండలు వేసి, చేపల తొట్టె అంచుకన్నా కాస్త ఎత్తులో నిలపాలి.

కంకర అరంగుళం, ముప్పావు అంగుళం సైజు తీసుకోండి. బాగా కడగాలి. గుప్పెడు రాళ్లు గిన్నెలో వేసి వెనిగర్ గాని నిమ్మరసం గాని పోసి చూడండి. బుసబుస పొంగితే సున్నపు రాయి ఉన్నట్టు, ఆ కంకర వద్దు. సముద్రపు గవ్వలు, ఆలిచిప్పలు అసలే వద్దు. కంకర దొరక్కపోతే బాగా కాలిన ఇటుక ముక్కలు వాడుకోవచ్చు, బరువు కూడా తగ్గుతుంది.

ప్రతి సగం డ్రమ్ము అడుగున రంధ్రం చేసి, కంకర పైభాగానికి రెండంగుళాలు తక్కువగా ఉండేలా ఒక గొట్టం నిలబెట్టండి. ఆ గొట్టానికి అడుగున చిన్న బెజ్జం పెట్టాలి. మోటారు తిరిగినంతసేపూ మడి నిండుతుంది, ఎక్కువైన నీరు గొట్టం పైనుంచి తొట్టెలో పడుతుంది. మోటారు ఆగాక బెజ్జంలోంచి మెల్లగా దిగిపోయి వేళ్లకు గాలి తగులుతుంది. పై రెండంగుళాల కంకర ఎప్పుడూ పొడిగా ఉంటే పాచి పట్టదు, దోమ చేరదు. టైమరు పెట్టి పావుగంట మోటారు, అరగంట విరామం ఇవ్వండి.

గంటకు 1,000 నుంచి 1,500 లీటర్లు ఎత్తే 40 వాట్ల మోటారు సరిపోతుంది. రోజంతా తిరిగినా ఒక యూనిట్ దాటదు. దీనికి తోడు గాలి బుడగలు వదిలే చిన్న ఎయిర్ పంపు ఉండాలి. అది బ్యాటరీ మీద కూడా నడిచేది కావాలి, ఎందుకంటే కరెంటు పోయిన రాత్రి చేపల ప్రాణం దాని మీదే ఉంటుంది. నీటిలో మోటారు కాబట్టి ఎర్తు, షాకు కొట్టకుండా ఆపే స్విచ్చి తప్పనిసరి. తొట్టె మీద గట్టి వల కట్టండి. పిల్లి, లకుముకి పిట్ట సంగతి సరే, ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండడుగుల నీరు కూడా ప్రమాదమే.

చేప పిల్ల వేయడానికి నెల ఆగాలి

నీరు పెట్టిన రోజే చేప పిల్ల వదిలితే వారం పది రోజుల్లో తేలిపోతుంది. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది, అది చేపకు విషం. కంకరకు పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం మొక్కకు ఎరువు. ఈ జీవులు పెరగడానికి మన వేడిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ నెల రోజులూ మోటారు నడుపుతూ రోజూ చిటికెడు చేపల మేత పొడి నీటిలో వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది. రొయ్యల మందుల షాపుల్లో అమ్మే కిట్లతో వారానికి రెండుసార్లు చూసుకోండి. ముందు అమ్మోనియా పెరిగి దిగుతుంది, ఆ వెనుక నైట్రైట్ పెరిగి దిగుతుంది. మేత పొడి వేస్తున్నా రెండూ అర పీపీఎం లోపే ఉండి నైట్రేట్ కనిపిస్తే నీరు పక్వానికి వచ్చినట్టు. నారు ఎదగకుండా నాట్లు వేస్తామా? ఇదీ అంతే.

ఏ చేప, ఎన్ని

మొదటిసారికి ఫంగేషియస్ (మన రైతులు ఫంగస్ అనేది) అనువుగా ఉంటుంది. నీటిలో గాలి తగ్గినా పైకి వచ్చి పీల్చుకుంటుంది. శీలావతి, బొచ్చె పిల్లలు ఇంత చిన్న తొట్టెలో నెమ్మదిగా పెరుగుతాయి. కొరమేనుకు ధర బాగున్నా ఒకదాన్నొకటి తింటాయి, మొదటిసారికే వద్దు. తిలాపియా ప్రపంచమంతా ఈ పద్ధతికి వాడే చేపే. మానికొండలో ఎంపెడా వారి రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం గిఫ్ట్ రకం మీద పనిచేసింది కూడా. అయితే మన దేశంలో దాన్ని పెంచాలంటే అనుమతి ఉండాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధించిన చేప, ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఈ కొలతకు 40 పిల్లలు చాలు. నలభై ఎందుకంటే లెక్క మేత నుంచి వస్తుంది. ఆకుకూర మడి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత వల్ల వచ్చే సారాన్ని తీసుకోగలదు. మన నాలుగు సగం డ్రమ్ములు కలిపి రెండు చదరపు మీటర్లు. అంటే రోజుకు మేత వంద గ్రాములు దాటకూడదు. తొట్టెలో చోటుంది కదా అని వంద పిల్లలు వేస్తే నీరు చెడుతుంది. పెద్దవాటిని ముందుగా పట్టి వండుకుంటూ ఉంటే మిగతావి ఎదుగుతాయి.

మేత తేలే గుళికలే వేయాలి. పొద్దున, సాయంత్రం పదిహేను నిమిషాల్లో తినేసేంత వేసి, మిగిలింది తీసేయాలి. చెరువుకు కట్టినట్టు తవుడు, చెక్క సంచులు కట్టారో, మూడో రోజుకు నీరు కుళ్లు వాసన వేస్తుంది. కోడి వ్యర్థాల జోలికి అసలు పోవద్దు.

ఆరు నెలల్లో మీరు వేసే మేత పన్నెండు, పదమూడు కిలోలు. కిలోన్నర మేతకు కిలో చేప వస్తుందనుకుంటే ఎనిమిది కిలోల చేప. ఇంతకన్నా ఎక్కువ ఎవరు చెప్పినా మేత లెక్క అడగండి. అసలు లాభం కూరలో ఉంది.

మొదట తోటకూర, గోంగూర, బచ్చలి, తూటికూర, పుదీనా వేయండి. మూడు నాలుగు నెలలు గడిచి నీరు చిక్కబడ్డాక వంగ, మిరప, పందిరి మీద బీర పెట్టుకోవచ్చు. లేత ఆకులు పచ్చబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. ఈడీడీహెచ్ఏ రకం ఇనుము, 6 శాతం ఉన్నది, 30 గ్రాములు నీటిలో కలిపి తొట్టెలో పోయండి. మూడు వారాలకోసారి చాలు. నీరు ఎర్రబడుతుంది, కంగారు పడకండి.

పురుగు పడితే చేత్తో ఏరడమే. మడి మీద మందు కొడితే తొట్టెలో చేపకు వేసినట్టే. వేప నూనె కూడా వద్దు. పక్క పొలంలో మందు కొడుతుంటే తొట్టె మీద పట్టా కప్పి, మోటారు కాసేపు ఆపి, ఎయిర్ పంపు మాత్రం నడపండి.

మే నెలలో తొట్టెకు తాటాకు పందిరి వేయాలి. నీరు 32 డిగ్రీలు దాటితే గాలి తగ్గుతుంది, ఆ మధ్యాహ్నాల్లో మేత ఆపండి.

కాలవ నీరు వచ్చాక జులైలో కట్టడం మొదలుపెడితే ఆగస్టు, సెప్టెంబరులో నీరు పక్వానికి వస్తుంది. దసరా వేళకు చేప పిల్ల వేసుకుంటే డిసెంబరు చలికి కాస్త బలం పుంజుకుంటుంది. మళ్లీ కాలవ కట్టేసే నాటికి మడి ఆకుకూర నిండి ఉంటుంది. పిల్ల దొరికే చోటు, అనుమతుల సంగతి మచిలీపట్నం మత్స్యశాఖ కార్యాలయంలో, కూరగాయల విత్తనం గురించి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. నాగాయలంక వైపు వారికి భావదేవరపల్లి మత్స్య పాలిటెక్నిక్ దగ్గర. వెళ్లేటప్పుడు మీ బోరు నీరు ఒక సీసా, కాలవ నీరు ఒక సీసా వేర్వేరుగా పట్టుకుని, వాటి మీద ఊరి పేరు, తేదీ రాసి తీసుకెళ్లండి.