పాత జపాను స్పోర్ట్స్ కార్ల ఇంజనులు: పునర్నిర్మాణములో కొలతకు గల స్థానము

యంత్రము పాతబడినంత మాత్రమున పనికిరానిది కాదు. అరిగిన భాగమేదో, అరగని భాగమేదో కొలిచి తెలుసుకొనగలవానికి అందులో ఇంకను చాలా ఆయుష్షు కనిపిస్తుంది. జపాను దేశపు పాత స్పోర్ట్స్ కార్ల ఇంజనులను నేటికీ పలు దేశములలో ఔత్సాహికులు విప్పి, బాగుచేసి, వాటి శక్తిని పెంచుకొంటున్నారు. ఈ పనిలో ఇమిడియున్న శాస్త్రమును ఒక్క ఇంజను కుటుంబము ఆధారముగా మనము పరిశీలింతము.

నిస్సాన్ సంస్థ 1969లో ఫెయిర్‌లేడీ జెడ్ అను కారును వెలువరించింది. విదేశములలో అది డాట్సన్ 240జెడ్ అను పేరుతో ప్రసిద్ధి చెందింది. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీలో 1971లోను, 1973లోను ఈ కారే ప్రథమ స్థానము పొందింది. 1973లో దానిని నడిపిన శేఖర్ మెహతా ఉగాండాలోని ఒక భారతీయ కుటుంబములో జన్మించినవాడు.

ఈ కారులోని ఎల్24 ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. బ్లాకు పోత ఇనుముతోను, హెడ్డు అల్యూమినియముతోను చేయబడినవి. క్రాంకుషాఫ్టును ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి. సిలిండరు వ్యాసము, అనగా బోరు, 83 మి.మీ.; పిస్టను కదలిక దూరము, అనగా స్ట్రోకు, 73.7 మి.మీ.; మొత్తము ఘనపరిమాణము 2,393 ఘన సెం.మీ. తరువాత 280జెడ్ కారులో వచ్చిన ఎల్28 ఇంజనులో బోరు 86, స్ట్రోకు 79 మి.మీ.; ఘనపరిమాణము 2,753 ఘన సెం.మీ. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి గనుక ఒకదాని భాగములు పెక్కు మరొకదానికి పనికివస్తాయి. మార్పులకు అవకాశము కలిగించినది ఈ లక్షణమే.

పునర్నిర్మాణములో మొదటి పని విప్పుట కాదు, వ్రాసుకొనుట. ఏ భాగము ఎక్కడిదో గుర్తు పెట్టవలెను. ముఖ్యముగా ప్రతి రాకరు తన ఎదుటి కామ్ లోబుతో రాపిడి చెంది దానికి తగినట్లు అరిగి ఉంటుంది. వాటిని కలగాపులగము చేసి తిరిగి బిగించినచో రెండును త్వరలో చెడిపోతాయి.

పిమ్మట సిలిండరును పైభాగమున, నడుమ, అడుగున, రెండేసి దిశలలో కొలుస్తారు. పై రింగు ఆగి వెనుదిరుగు చోట వేడి, ఒత్తిడి అధికము, నూనె స్వల్పము. కనుక అరుగుదల అక్కడ ఎక్కువ. అది హద్దు మీరినచో రీబోరింగు చేసి ఓవర్‌సైజు పిస్టనులు వేయవలెను. ముందు పిస్టనులు తెచ్చి, వాటిని కొలిచి, ఆ కొలతకు తగినట్లు సిలిండరును కోయుట ఉత్తమ పద్ధతి. పిస్టనుకు, గోడకు నడుమ ఉండవలసిన ఖాళీ మిల్లీమీటరులో కొన్ని శతాంశములు మాత్రమే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మనము తీగ మందము కొలుచు స్క్రూగేజి కనీసపు కొలత కూడ 0.01 మి.మీ.యే. మార్కుల కొరకు చేయు ఆ ప్రయోగము ఇక్కడ ఒక ఇంజను ఆయుష్షును నిర్ణయిస్తుంది.

బోరు పెంచినచో శక్తి విపరీతముగా పెరుగునని కొందరి నమ్మకము. లెక్కించి చూతము. ఎల్28 బోరును 86 నుండి 87 మి.మీ.కు పెంచినచో లభించునది సుమారు 64 ఘన సెం.మీ.; అనగా నూటికి రెండు పాళ్లకు కొంచెము ఎక్కువ. ఇందుకై గోడ చుట్టును అర మిల్లీమీటరు ఇనుము పోతుంది. కావున రీబోరింగు ప్రధానముగా అరుగుదలకు చికిత్స, శక్తికి మార్గము కాదు.

పెద్ద మార్పు కోరువారు నిస్సాన్ వారి ఎల్‌డి28 డీజిలు ఇంజనులోని 83 మి.మీ. స్ట్రోకు గల క్రాంకుషాఫ్టును అమరుస్తారు. బోరు 89 మి.మీ. చేసినచో ఘనపరిమాణము సుమారు 3,098 ఘన సెం.మీ. అవుతుంది. అయితే స్ట్రోకు 4 మి.మీ. పెరిగినందున పిస్టను 2 మి.మీ. పైకి లేస్తుంది. కనెక్టింగు రాడ్డు పొడవునో, పిస్టనులో పిన్ను ఎత్తునో తదనుగుణముగా మార్చనిదే ఇంజను కూడదు.

కంప్రెషను నిష్పత్తి విషయమును అట్టిదే. ఎల్28లో ఒక్కొక్క సిలిండరు పరిమాణము 459 ఘన సెం.మీ. పిస్టను పైకి చేరినపుడు మిగులు ఖాళీ 63 ఘన సెం.మీ. అయినచో నిష్పత్తి 8.3, ఆ ఖాళీని 54కు తగ్గించినచో 9.5. ఇందుచే అదే ఇంధనము నుండి ఎక్కువ పని లభిస్తుంది. కాని హద్దు మీరినచో ఇంధనము అకాలమున మండి, నాకింగు పుట్టి, పిస్టనులు పగులుతాయి. నిష్పత్తి పెంచుటకు హెడ్డు అడుగును చెక్కినచో కామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టుకు దగ్గరై, టైమింగు చెయిను వదులై, వాల్వులు ఆలస్యముగా తెరచుకొంటాయి. దీనిని సరిదిద్దుటకు కామ్ స్ప్రాకెట్టులోని మూడు రంధ్రములలో తగినదానిని ఎంచుకొంటారు. ఎక్కువ చెక్కినపుడు కామ్ టవరుల క్రింద పలుచని రేకులు ఉంచుతారు. ఒక్క చోట చేసిన మార్పు ఎన్ని చోట్ల లెక్క చెప్పుకొనవలసివచ్చునో దీనివలన విదితము.

తుదకు హెడ్డు బోల్టులను నడుమ నుండి అంచులకు, దఫదఫాలుగా, టార్కు రెంచితో బిగించవలెను. స్టార్టరు తిప్పుటకు ముందు క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి చూడవలెను. నాలుగు స్ట్రోకుల చక్రము అప్పటికి పూర్తియగును. ఎక్కడైన తగిలినచో అక్కడే ఆపవలెను.

విద్యార్థి మిత్రులు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ కార్ల ఉత్పత్తి ఆగి దశాబ్దములు గడిచినవి. బ్లాకు నుండి ఒకసారి తీసిన ఇనుమును ఎంతటి ఉస్తాదైనను తిరిగి చేర్చలేడు. కనుక తీసిన అసలు భాగములను పారవేయక భద్రపరచుట, ప్రతి కొలతను తేదీతో నోటుబుక్కులో వ్రాసి ఉంచుట ఈ పని చేయువారి విధి. రేపు అదే ఇంజనును విప్పవలసిన మరొకనికి ఆ నోటుబుక్కే గురువు.