కన్సల్టెన్సీ ఒప్పందం చేతికొచ్చాక ఏం చూడాలి?

ఎంఎస్‌డబ్ల్యూ, గ్రామీణాభివృద్ధి, స్టాటిస్టిక్స్ చదివినవారికి స్వచ్ఛంద సంస్థల్లో అవకాశం అన్నిసార్లూ ఉద్యోగంగానే రాదు. ఒక బేస్‌లైన్ సర్వేగానో, శిక్షణ కరదీపికగానో, ప్రాజెక్టు మూల్యాంకన నివేదికగానో వస్తుంది. సేవ చేసే సంస్థ దగ్గర డబ్బు సంగతి, షరతుల సంగతి గట్టిగా అడగడానికి కొత్తవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం అక్కర్లేదు. దాతలకు లెక్క చెప్పాల్సిన సంస్థకూ స్పష్టమైన కాగితమే కావాలి.

ముసాయిదా రాగానే కళ్లు ఫీజు అంకె మీద పడతాయి. ముందు చదవాల్సింది మాత్రం వెనకాల జతచేసే టీఓఆర్, అంటే చేయాల్సిన పని వివరాల పత్రం. ‘పాడేరు ప్రాంతంలో సర్వే చేసి నివేదిక ఇవ్వాలి’ అని ఒక్క వాక్యమే ఉందనుకోండి. ఎన్ని గ్రామాలు? ఎన్ని కుటుంబాలు? ప్రశ్నావళి ఎవరు తయారు చేయాలి? ఎన్యూమరేటర్లకు ఎవరు చెల్లించాలి? ఏజెన్సీ గ్రామాలకు జీపు ఎవరు పెట్టాలి? నివేదిక తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా? ఇవి తేలకుండా ఆ ఫీజు ఎక్కువో తక్కువో చెప్పలేం.

గొడవలకు ఎక్కువగా తావిచ్చేది చెల్లింపు షరతు. ‘సంతృప్తికరమైన నివేదిక అందాక మిగతా మొత్తం చెల్లిస్తాం’ అని రాస్తుంటారు. ఎవరి సంతృప్తి? ఎన్నాళ్లలో? ఈ వాక్యాన్ని ఇలా మార్చమని అడగండి: ‘ముసాయిదా నివేదిక అందిన 10 పనిదినాల్లో సంస్థ తన వ్యాఖ్యలను రాతపూర్వకంగా పంపాలి. పంపకపోతే ఆమోదించినట్టే. సవరణలు రెండు విడతల వరకే.’ మంచి సంస్థలు ఇందుకు అభ్యంతరం చెప్పవు. మీరు సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే మరో రక్షణ ఉంటుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది.

విదేశీ విరాళాలతో నడిచే ప్రాజెక్టయితే టీఓఆర్‌లోని మాటలకు ఇంకా బరువుంటుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి కుదించింది. ప్రొఫెషనల్ ఛార్జీలు సాధారణంగా ఆ పద్దులోకే వెళ్తాయి. సంస్థ ఆశయాల అమలుకు నేరుగా పెట్టే ఖర్చుకు మాత్రం మినహాయింపు ఉంది. అందుకే ఏ కార్యక్రమం కోసం, ఎవరి ప్రయోజనానికి ఆ పని చేస్తున్నారో ఒప్పందంలోనే కనబడితే సంస్థ అకౌంటెంటుకు పద్దు తేల్చడం సులువు.

మరి మీరు రాసిన కరదీపిక ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి యజమానే తొలి హక్కుదారు. కన్సల్టెంట్ రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, సాధారణంగా హక్కు రచయితదే. దాన్ని సంస్థకు బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన రాతపత్రం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఆ బదిలీ అయిదేళ్లకే అని చట్టం భావిస్తుంది. హక్కులు ఇచ్చేసినా ఫర్వాలేదు గానీ, కరదీపిక మీద మీ పేరు ఉండాలనీ, తర్వాతి అవకాశాలకు నమూనాగా చూపించుకోవచ్చనీ రాయించుకోండి. కెరీర్ మొదట్లో అది ఫీజుకు తక్కువేం కాదు.

పన్నుల సంగతి చిన్నదే. ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోసుకుంటారు. చెప్పిన ఫీజు కోత ముందుదో తర్వాతదో తేల్చుకోండి. ఏడాది సేవల ఆదాయం 20 లక్షలు దాటేవరకూ మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. కన్సల్టెంట్లకు పీఎఫ్, సెలవులు, బీమా ఉండవు కాబట్టి, ఫీల్డ్ ప్రయాణాలకు ప్రమాద బీమా ఎవరు తీస్తారో అడిగి రాయించండి.

సంస్థ తరఫున సంతకం చేసేవారికి ఆ అధికారం ఉందా? సొసైటీలో కార్యదర్శి కావచ్చు, ట్రస్టులో ట్రస్టీ కావచ్చు, సెక్షన్ 8 కంపెనీలో డైరెక్టర్ కావచ్చు. తీర్మానం ప్రతి అడగడం తప్పుకాదు. దాత నిధులు ఆపేస్తే ఒప్పందం మధ్యలోనే ముగియవచ్చు. అప్పటివరకు చేసిన పనికి ఏ లెక్కన ఇస్తారో, నోటీసు ఎన్నిరోజులో అందులో ఉండాలి. స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు చేసిన ప్రతి ఒకటి మీ చేతికి వచ్చి, మొదటి విడత ఖాతాలో పడ్డాకే పాడేరు బస్సెక్కండి.