చెమర్చే అరచేతులు: కొత్త టీచర్లకు నా అనుభవ పాఠాలు

డి.ఎడ్. కాలేజీలో మనోవిజ్ఞానం చెబుతూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఇప్పుడు బడుల్లో చేరుతున్న మీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. విరమణ అంటే అలవాటు ఆగడమే, చెరిగిపోవడం కాదు. మెట్రోనోమ్ చప్పుడు వెంట తిండి రావడం అలవాటైన పావ్‌లోవ్ కుక్కకు ఆ చప్పుడు వినిపించి తిండి పెట్టకపోతే లాలాజలం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయేది. కాసేపు వదిలేసి మళ్లీ వినిపిస్తే తిరిగి ఊరేది. మీరు పరీక్షకు చదివిన అయత్నసిద్ధ స్వాస్థ్యం ఇదే. బెత్తం చూసి చూసి అరచేతులు చెమర్చడం అలవాటైన పిల్లవాడు, దెబ్బలు ఆగాక మార్చికల్లా కుదుటపడతాడు. జూన్‌లో బడి తెరిచేసరికి మళ్లీ చెమటలే. వాణ్ణి మొండివాడనకండి.

2. శిక్షణ ఎంత సాగితే అలవాటు అంత వదలదని అందరూ అంటారు. అన్నిసార్లూ నిజం కాదు. దారి చివర ప్రతిసారీ తిండి దొరికిన ఎలుకల మీద 1962లో ఐసన్ చేసిన ప్రయోగంలో, ఎక్కువసార్లు పరుగెత్తి తిన్నవే తిండి ఆపగానే త్వరగా పరుగు మానాయి. గట్టిపడిన ఆశ అంతే గట్టిగా దెబ్బతింటుందని ఒక వివరణ.

3. అన్నిటికన్నా మొండిది అప్పుడప్పుడూ జరిగేది. 1939లో హంఫ్రీస్ మనుషుల కనురెప్పల మీద పరిశీలించాడు. సంకేతం వచ్చిన ప్రతిసారీ కంటికి గాలి తగిలినవాళ్లు, గాలి ఆపాక త్వరగానే రెప్ప వేయడం మానారు. సగంసార్లే తగిలినవాళ్లు చాలాసేపు వేస్తూనే ఉన్నారు. "నేనేమన్నా రోజూ కొడతానా? ఎప్పుడో ఒక దెబ్బ" అనే మాస్టార్లను ఎంతోమందిని చూశాను. ఆ ఎప్పుడో ఒక దెబ్బే పిల్లవాడి ఒంట్లో భయాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టగలదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని ఎలాగూ నిషేధించింది.

4. భయపడే పిల్లవాణ్ణి స్టాఫ్‌రూమ్‌లో బుజ్జగిస్తే చాలదు. భయం పుట్టిన గదిలోనే, ఆ నల్లబల్ల ముందే అది తగ్గాలి.

5. చెమట ఆగిందని మీరూ ఆగకండి. లాలాజలం సున్నాకు చేరాక కూడా తిండి లేకుండా చప్పుడు వినిపిస్తూ పోతే, అది తిరిగి రావడం ఆలస్యమవుతుందని పావ్‌లోవే గమనించాడు. పిల్లవాడు నవ్వుతూ బోర్డు దగ్గరికి వచ్చాక కూడా ఇంకొన్ని నెలలు వాణ్ణి అదే ఓపికతో పిలవండి. సెలవుల తర్వాత మొదటి వారం మరీ జాగ్రత్తగా ఉండండి.